‘ఊరకుండుము’ అనుట ఆదరణ కాదు



కోర్టునుండి ఒక కబురు ఊరికి వచ్చును: "కేసు కొట్టివేసిరట." ఆ సాయంకాలము దీపాలు పెట్టువేళకే ఆ మాట వీధి అరుగులమీద మరియొక రూపము దాల్చును: "అయితే అంతయు అబద్ధమేనన్నమాట." ఆదివారమునాటికి అది మందిరపు గుమ్మమువరకు వచ్చి, "పోనీ, ఇకనైనను ఆ పిల్ల నోరు మూసికొని, జరిగినది మరచి, ప్రభువునందు సంతోషింపవలెను" అను బోధగా మారును. ఈ మూడు మాటలలో మొదటిది వార్త. రెండవది అబద్ధము. మూడవది పాపము. ఆ రెండవదానిని, మూడవదానిని గూర్చి ఈ మాసము మీతో వాదింపదలచితిని.

ఎవరినిగూర్చి వ్రాయుచున్నానో స్పష్టముగా చెప్పెదను. బలాత్కారమునకు గురియైన స్త్రీ యొకతె పోలీసు స్టేషనుకు వెళ్లెను. ఆసుపత్రిలో పరీక్షకు ఒప్పుకొనెను. వాయిదా తరువాత వాయిదాకు కూలి పోగొట్టుకొని బస్సెక్కెను. బోనులో నిలిచి, ముక్కు మొగము తెలియనివారియెదుట, తనకు జరిగినదానిని తన నోటితోనే చెప్పెను. ముద్దాయి తరపు వకీలు అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబిచ్చెను. సంవత్సరములు గడిచెను. తుదకు నేరము రుజువు కాలేదని ముద్దాయిని విడిచిపెట్టిరి. ఆ దినమున ఆమె ఇంటికి తిరిగి వచ్చునప్పుడు ఆమె మోసికొని వచ్చు దుఃఖము ఎట్టిది? అది మొదటి గాయముమీద పడిన రెండవ గాయము. మొదటిదానిని చేసినవాడు ఒక మనుష్యుడు. రెండవదానిని ఊరంతయు కలిసి పెద్దది చేయుచున్నది. అందులో సంఘమునకును పాలున్నది.

మన వాడుక మాటలోనే దోషమున్నది. దీనికి మనము "మానభంగము" అని పేరు పెట్టితిమి. ఎవరి మానము భంగమైనది? దొంగ కన్నము వేసినయెడల ఇంటివాని నీతి పోయెనని ఎవడైనను చెప్పునా? ఇక్కడ మాత్రము దోచుకొన్నవాడు తల యెత్తుకొని తిరుగును, దోపుడు పడినది తల వంచుకొనవలెను. పైగా ఒక సామెత సిద్ధముగా నున్నది: ముల్లు వచ్చి ఆకుమీద పడినను, ఆకు వచ్చి ముల్లుమీద పడినను, ఆకునకే నష్టమట. ఈ సామెతను సంఘపు స్త్రీల కూటములలో సయితము తల్లులు కుమార్తెలకు బోధించుచున్నారు. అది లోకజ్ఞానము కావచ్చును గాని సువార్త కాదు. ఆకు చిరుగుచున్నదని తెలిసినవారు ముల్లును తీసివేయవలెను గదా! మనమైతే ఆకునకే బుద్ధి చెప్పుచున్నాము.

తీర్పు నిజముగా ఏమి చెప్పుచున్నదో మొదట ఆలోచింతము. మన దేశములో ఒకడు నేరము చేసెనని సహేతుకమైన సందేహమునకు తావు లేకుండ రుజువు చేయవలసిన భారము ప్రాసిక్యూషనుది. ఈ నియమము మంచిది. నిర్దోషిని చెరనుండి కాపాడునది ఇదియే. దీనిని నేను తప్పుపట్టుట లేదు. అయితే ఈ నియమమునుబట్టియే, వైద్యపరీక్ష ఆలస్యమైనను, దర్యాప్తు చేయువాడు అశ్రద్ధ చేసినను, సాక్షి భయపడి మాట మార్చినను కేసు పోవచ్చును. "రుజువు కాలేదు" అనుట ఒకటి. "జరుగలేదు" అనుట మరియొకటి. ఈ రెంటికి నడుమ ఎంత దూరమున్నదో న్యాయాధిపతికి తెలియును. తెలియనిది అరుగుమీద కూర్చున్నవారికే.

మన తెలుగు దేశములోనే జరిగినదానిని చూడుడి. జి. మాడుగుల మండలములో వాకపల్లి అను చిన్న ఆదివాసి పల్లె కలదు. అది ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. ఆ కాలమున విశాఖపట్నము జిల్లాలో నుండెను. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ్మును చెరచిరని ఆ పల్లెకు చెందిన 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. కేసు కింది కోర్టునుండి హైకోర్టునకు, అక్కడనుండి సుప్రీంకోర్టునకు ఎక్కెను. విచారణ నడిపి త్వరగా ముగింపవలెనని సుప్రీంకోర్టు 2017లో ఆజ్ఞాపించినతరువాత, 2018లో విశాఖపట్నములో విచారణ మొదలాయెను. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక న్యాయస్థానము 13 మంది పోలీసులను విడిచిపెట్టెను. పదునైదు సంవత్సరములకు పైగా ఆ స్త్రీలు కనిపెట్టుకొనియుండిరి.

ఇక్కడ మీరు జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి యున్నది. అదే తీర్పులో న్యాయస్థానము దర్యాప్తులోని లోపములను ఎత్తిచూపెను. ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థద్వారా నష్టపరిహారము చెల్లింపవలెనని కూడ ఆదేశించెను. ముద్దాయిలను విడిచిపెట్టిన చేయియే ఫిర్యాదు చేసినవారికి పరిహారము వ్రాసినది. "కేసు పోయినది గనుక అంతయు కల్పితము" అని చెప్పువారు ఆ న్యాయాధిపతికంటె ఎక్కువ తెలిసినవారా?

ఇది ఒక్క న్యాయాధిపతి దయ కాదు, దేశపు చట్టమే ఇట్లున్నది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 357-ఎ అను సెక్షను 2009 డిసెంబరు 31 నుండి అమలులోనికి వచ్చెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 396వ సెక్షనుగా నున్నది. కేసు కొట్టివేయబడినను, బాధితురాలికి మరల జీవనము కుదుర్చవలసియున్నయెడల పరిహారము ఇప్పింపవచ్చునని అది చెప్పుచున్నది. ముద్దాయి విడుదలైనతరువాత కూడ బాధితురాలు బాధితురాలిగానే మిగిలియుండవచ్చునని చట్టము ఎరుగును. యేసుక్రీస్తు శిష్యులమని చెప్పుకొను మనము మాత్రము ఎరుగకపోవుట ఎంత సిగ్గు!

చట్టమునకంటె ముందే ధర్మశాస్త్రము దీనిని ఎరిగియుండెను. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము తెరచి మొదటి తొమ్మిది వచనములు చదువుడి. పొలములో ఒక శవము పడియున్నది. చంపినవాడెవడో తెలియదు, సాక్షి లేడు. అప్పుడు పెద్దలు ఏమి చేయవలెను? "హంతకుడు దొరకలేదు గనుక హత్య జరుగలేదు" అని ఇండ్లకు వెళ్లవలెనా? కాదు. వారు బయలుదేరి శవమునుండి చుట్టునున్న ఊళ్లవరకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరనున్నదో ఆ ఊరి పెద్దలు పెయ్యను తీసికొని ఏటి లోయలోనికి దిగి, అందరియెదుట చేతులు కడుగుకొని, దేవుని సన్నిధిని ఆ రక్తమునుగూర్చి ప్రార్థింపవలెను. నేరస్థుడు దొరకనంతమాత్రమున శవము లేచిపోదు. న్యాయము జరుగని చోట దేవుడు దగ్గరవారిని పిలిచి నిలువబెట్టును. ఈ కొలత నేటికిని ఉన్నది. మీ ఊరిలో ఒక స్త్రీ కోర్టునుండి రిక్తహస్తములతో తిరిగి వచ్చినయెడల కొలనూలు వేసి చూడుడి. ఆమె ఇంటికి దగ్గరనున్న సంఘము మీదేనా? అట్లయినయెడల లేవవలసినవారు మీరే.

అదే గ్రంథము 22వ అధ్యాయములో, పొలములో ఒకడు బలాత్కారము చేసిన చిన్నదానినిగూర్చి వ్రాయబడియున్నది. అక్కడ సాక్షి లేడు. అయినను ఆమె కేక వేసియుండును, రక్షించువాడు లేకపోయెను అని ధర్మశాస్త్రము ఆమె పక్షముగానే తలంచుచున్నది. ఆమెయందు పాపము లేదనియు, ఇది ఒకడు తన పొరుగువానిమీద పడి చంపినట్టిదేననియు చెప్పుచున్నది. వినబడని కేకను విన్నట్టుగా వ్రాసిన దేవుడు ఆయన. మనము వినబడిన కేకను కూడ విననట్టు నటించుచున్నాము.

ఇక ఊరకుండుమను బోధకు వచ్చెదను. ఈ బోధను మొదట చేసినవాడు ఎవడో మీకు తెలియునా? సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయము చూడుడి. రాజకుమార్తెయైన తామారును ఆమె అన్న అమ్నోను చెరచి, తలుపు వెలుపలికి గెంటించెను. ఆమె తలమీద బూడిద పోసికొని, తన రంగుల చొక్కా చింపుకొని, కేకలు వేయుచు వెళ్లెను. ఆమె దాచుకొనలేదు, ఊరంతటికి వినబడునట్లు ఏడ్చెను. అప్పుడు అబ్షాలోము ఆమెను ఎదుర్కొని, వాడు నీ అన్నయే గదా, ఊరకుండుము, దీనిని మనస్సున పెట్టుకొనవద్దు అను భావముతో మాటలాడెను. అతని ప్రేమను నేను శంకింపను. గాని ఆ మాటల ఫలమేమి? ఆమె అతని యింట పాడైపోయినదై నిలిచిపోయెను. అక్కడ హెబ్రీ భాషలో వాడిన మాట సామాన్యమైనది కాదు. విలాపవాక్యములు 1వ అధ్యాయము 13వ వచనములో కాల్చబడి శూన్యమైన యెరూషలేము తన్నుగూర్చి చెప్పుకొను మాట అదే. ఊరకుండుమను ఒక్క మాటతో ఒక పట్టణము పాడుపడినట్టు ఒక ఆడుబిడ్డ పాడుపడెను.

తండ్రియైన దావీదు ఏమి చేసెను? మిగుల కోపగించెను, అంతే. కోపగించి ఊరకుండెను. రెండు సంవత్సరములు ఆ ఇంట అందరును ఊరకుండిరి. ఆ మౌనములోనుండి సమాధానము పుట్టలేదు. గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు పండుగలో అబ్షాలోము కత్తి లేచెను, అన్న చచ్చెను, తరువాత రాజ్యమే రెండుగా చీలెను. సంఘ సమాధానముకొరకు నోరు మూయింపవలెనని వాదించు పెద్దలు ఈ అధ్యాయమును తలక్రింద పెట్టుకొని నిద్రించుట మంచిది. మరియొక సంగతి మరువవద్దు. అబ్షాలోము తామారును ఊరకుండుమనెను గాని పరిశుద్ధాత్మ ఊరకుండలేదు. ఆమె బతిమాలుకొన్న మాటలన్నియు, ఆమె కేక, ఆమె బూడిద, యావత్తును లేఖనములో వ్రాయించెను. దేవుడు వ్రాయించినదానిని మనము చెరిపివేయుదుమా?

దీనికి విరోధముగా మన సంఘములలో వినబడు వాదములు నాలుగున్నవి. వాటిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటి వాదము: "అధికారులు దేవునివలన నియమింపబడినవారు గదా, తీర్పు వచ్చినతరువాత దుఃఖించుట తిరుగుబాటు కాదా?" అధికారులకు లోబడుమని పౌలు వ్రాసినమాట నిజమే. అయితే ఆ పౌలే ఫేస్తు ఎదుట నిలిచి కైసరునకు అప్పీలు చేసికొనెను. ఫిలిప్పీలో న్యాయాధిపతులు తన్ను కొట్టించి, మరునాడు రహస్యముగా పంపివేయ జూచినప్పుడు, వారే స్వయముగా వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. అప్పీలు అవిశ్వాసము కాదు. అన్నిటికంటె ముఖ్యముగా, మన ప్రభువు ఎవని తీర్పుచేత సిలువ వేయబడెను? ఈయనయందు దోషము కనబడలేదని పిలాతు మూడుమారులు చెప్పి, ఆయననే అప్పగించెను. విశ్వాసప్రమాణము చెప్పునప్పుడెల్ల ఆ న్యాయాధిపతి పేరు మనము పలుకుచున్నాము. తప్పు తీర్పు పొందిన ప్రభువును ఆరాధించువారు, కోర్టు మాటయే కడపటి సత్యమని ఎట్లు చెప్పగలరు?

ఈ దేశపు న్యాయస్థానముల చరిత్రయు ఇదే నేర్పుచున్నది. 1972 మార్చి 26న మహారాష్ట్రములోని దేశాయిగంజ్ పోలీసు స్టేషనులో ఒక ఆదివాసి బాలికపై ఇద్దరు పోలీసులు నేరము చేసిరని కేసు నడిచెను. సెషన్సు కోర్టు వారిని విడిచిపెట్టెను. హైకోర్టు శిక్షించెను. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. ఆమె దేహముమీద గాయములు లేవు గనుక ఆమె ఎదిరింపలేదని ఆ తీర్పు తలంచెను. అప్పుడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, అనగా ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, 1979లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసి ఆ తీర్పును ప్రశ్నించిరి. దేశమంతట స్త్రీలు వీధులలోనికి వచ్చిరి. 1983లో చట్టము మారెను. పోలీసుల అదుపులో ఇట్టిది జరిగి, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినప్పుడు, కోర్టు ఆమె మాటనే మొదట నిజమని తలంపవలెనని వ్రాసిరి. బాధితురాలి పేరు ప్రచురించుట నేరమనియు అప్పుడే వ్రాసిరి. దేహబలముతో ఎదిరింపకపోవుట సమ్మతి కాదని 2013లో చట్టములోనే స్పష్టపరచిరి. అప్పుడు అందరును ఊరకుండియున్నయెడల ఇవి వచ్చియుండునా? దుఃఖము నోరు తెరచినందుననే కదా తరువాతి కుమార్తెలకు ఈ కొద్దిపాటి కాపుదల దొరకినది.

రెండవ వాదము: "క్షమించుమని ప్రభువు చెప్పలేదా?" చెప్పెను. గాని లూకా 17వ అధ్యాయములో ఆయన చెప్పిన క్రమమును గమనింపుడి. తప్పిదము చేసినవానిని గద్దింపవలెను, వాడు మారుమనస్సు పొందినయెడల క్షమింపవలెను. మనము గద్దింపును దాటివేసి, మారుమనస్సును అడుగక, క్షమాపణను మాత్రము ఆ స్త్రీయొద్దనుండి పన్నువలె వసూలు చేయుచున్నాము. అపకారము పొందినది ఆమె. క్షమించునది ఆమె, దేవుడు తనకు బలమిచ్చిన దినమున. సంఘపు పెద్దలు ఆమె బదులు క్షమించుటకు వారి గాయమేది? జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన దినమున, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల ఇచ్చెదనని అతడే లేచి చెప్పెను. బలిపీఠముయొద్ద అర్పణ విడిచి వెళ్లి సమాధానపడవలసినవాడు, తనమీద ఎదుటివారికి విరోధమున్నవాడని మత్తయి 5వ అధ్యాయము చెప్పుచున్నది. నడచి రావలసినవాడు వాడు. మనము ఆమెను నడిపించుచున్నాము.

మూడవ వాదము: "అబద్ధపు కేసులు లేవా? పోతీఫరు భార్య యోసేపుమీద నింద మోపలేదా?" మోపెను. అది లేఖనములో నున్నది గనుక మనము మరువకూడదు. అందుచేతనే చెప్పుచున్నాను: కోర్టు విడిచిపెట్టినవానిని మీరు దోషియని చాటింపవద్దు, వాని యింటిమీద రాయి వేయవద్దు, వాని పిల్లలను బడిలో వేరుపరచవద్దు. అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞ అతనికిని కాపుదలయే. అయితే యోసేపు కథలో గెలిచినది ఎవరు? ఇల్లు, అధికారము, పలుకుబడి గలవారి మాట. చెరలో పడినది పరదేశియైన దాసుడు. కావున ఆ కథ, బలవంతుల మాటను వెంటనే నమ్మవద్దని నేర్పుచున్నది. పలుకుబడి లేని కూలిస్త్రీ మాటను త్రోసివేయుటకు దానిని వాడుట లేఖనమును తలక్రిందు చేయుట. మరియు కోర్టు ఇచ్చినది విడుదల, యోగ్యతాపత్రము కాదు. విడుదలైనవానికి పూలదండ వేసి, వేదికమీద కూర్చుండబెట్టి, సాక్ష్యము చెప్పించి, మరల పెద్దగా ఏర్పరచుకొను సంఘములున్నవి. పెద్ద వెలుపటివారిచేత సయితము మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెనని తిమోతికి పౌలు వ్రాసెను. ఆ కొలత కోర్టు కొలతకంటె కఠినమైనది. ఒక స్త్రీ వెనుకబల్లమీద కూర్చుండి వణకుచుండగా, ఆమె ఎవనిమీద ఫిర్యాదు చేసెనో వాని చేతినుండి ఆమె రొట్టెయు గిన్నెయు అందుకొనవలెనా? దీనిని ప్రభువు బల్ల అని ఎట్లు పిలుతుము?

నాలుగవ వాదము, అన్నిటికంటె బలముగా పట్టుకొన్నది: "సంఘము పేరు పోవును; అన్యులు నవ్వుదురు." 2018లో కేరళములో ఒక సన్యాసిని జలంధర్ బిషప్పుమీద ఇట్టి ఫిర్యాదు చేసెను. 2022 జనవరి 14న కొట్టాయం కోర్టు ఆయనను విడిచిపెట్టెను. ఆ తీర్పుమీద అప్పీలు దాఖలాయెను. ఆ కేసునుగూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. గాని ఒక సంగతి అందరు చూచిరి. 2018 సెప్టెంబరులో ఆమెతో నివసించు కొందరు సహోదరీలు కొచ్చిలో హైకోర్టు సమీపమున వీధిలో కూర్చుండిరి. ఆమెను ఒంటరిగా విడువము అని దేశమునకు చూపిరి. నన్నడిగినయెడల, ఆ దినములలో సంఘము పేరును నిలిపినవారు ఆ కొద్దిమందియే. సంఘము పేరు కన్నీటివలన పోదు. కన్నీటిని కప్పిపెట్టుటవలన పోవును.

ఇంతవరకు వాదించితిని. ఇక చేయవలసినవి చెప్పెదను, ఏలయనగా క్రియలు లేని వాదము గాలికి పోవును.

తీర్పు వచ్చిన వారములో ఆమె యింటికి వెళ్లుడి. పెద్దలందరు గుంపుగా వెళ్లవద్దు. ఆమెకు నమ్మకమైన ఇద్దరు ముగ్గురు స్త్రీలు వెళ్లుట చాలును. జరిగినది మరల చెప్పుమని అడుగవద్దు. కోర్టులో చెప్పినది చాలును. వండిన అన్నము తీసికొని వెళ్లుడి. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద కూర్చుండి మాటలాడకయున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచినప్పుడు చెడిరి. ఆమె ఏడ్చినయెడల ఏడ్వనియ్యుడి. కోపపడినయెడల కోపపడనియ్యుడి. దేవునిమీదనే మొరపెట్టినయెడల భయపడవద్దు. కీర్తనలలో అట్టి మొరలు ఎన్నో యున్నవి. ఇది దేవుని చిత్తము అని మాత్రము నోట పలుకవద్దు. బలాత్కారము దేవుని చిత్తము కాదు.

ఆమె పేరు ప్రార్థన విన్నపములలో చదువవద్దు. "మన ఫలానా సహోదరికొరకు" అని కొండెమును ప్రార్థన చేయుట మనకు అలవాటు. ఆమె అడిగినయెడలనే ప్రార్థింపుడి, ఆమె కోరినట్లు ప్రార్థింపుడి.

రాజీ కుదుర్చుటకు పెద్దలు కూర్చుండవద్దు. ఇంత సొమ్ము పుచ్చుకొనుమనియు, వానినే పెండ్లి చేసికొనుమనియు పంచాయితీలో చెప్పుట మన పల్లెలలో నేటికిని కలదు. బలాత్కారపు కేసులలో రాజీ అనునది ఎట్టి పరిస్థితులలోను తగదని సుప్రీంకోర్టు 2015లో ఖండితముగా చెప్పెను. లోకపు న్యాయస్థానము సిగ్గుపడిన పనిని దైవజనులు చేయుదురా?

ఆమె అప్పీలు చేయగోరినయెడల తోడుండుడి. ముద్దాయిని విడిచిపెట్టిన తీర్పుమీద బాధితురాలు తానే అప్పీలు చేసికొను హక్కు 2009 డిసెంబరు 31 నుండి కలదు. దానికి గడువుండును గనుక తీర్పు నకలు త్వరగా తీసికొనవలెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టముక్రింద స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచితముగా వకీలు దొరకును. దానికి ఫోను సంఖ్య 15100. ఆపదలోనున్న స్త్రీకి సహాయపు సంఖ్య 181. ఈ రెండు సంఖ్యలను మందిరపు గోడమీద, గుమ్మమునొద్ద, అందరికి కనబడునట్లు వ్రాయించుడి. ఎవరికి ఎప్పుడు అక్కర కలుగునో మీకు తెలియదు. ఆమె అప్పీలు వద్దని చెప్పినయెడల బలవంతపెట్టవద్దు. అలసినదానిని మన పౌరుషముకొరకు యుద్ధమునకు పంపుట కూడ ఒక బలాత్కారమే. నష్టపరిహారము అడుగుటకు సిగ్గుపడనక్కరలేదని ఆమెకు చెప్పుడి.

కోతకాలపు కానుకలలో కొంత భాగము ఇట్టివారి బస్సు కూలికి, పోయిన దినకూలికి, పిల్లల బడి పుస్తకములకు వేరుగా ఉంచుడి. గోడకు సున్నము ఒక సంవత్సరము ఆలస్యమైనను ప్రభువు కోపగింపడు.

తుదకు, ఇది ఒక మాసములో ముగియునని తలంపవద్దు. రాహేలు తన పిల్లలనుగూర్చి ఏడ్చుచు ఓదార్పు పొందనొల్లక యుండెనని యిర్మీయా చెప్పెను. ఆమె ఏల ఓదార్పు పొందలేదని దేవుడు ఆమెను గద్దింపలేదు. ఆమె ఏడ్పు విన్నానని చెప్పి వాగ్దానమిచ్చెను. ప్రకటన 6వ అధ్యాయములో, వధింపబడినవారి ఆత్మలు బలిపీఠముక్రిందనుండి, ఇంకెంతకాలము తీర్పు తీర్చకుందువని కేక వేయుచున్నవి. అది పరలోకము. అక్కడ సయితము వారిని ఎవరును ఊరకుండుమనలేదు. తెల్లని వస్త్రములిచ్చి, ఇంకను కొంచెము కాలము కనిపెట్టుడని చెప్పిరి. పరలోకములో చోటున్న మొరకు మీ మందిరములో చోటు లేదా?

తీర్పు వినిన సాయంకాలము ఆమె ఇంటి దీపము వెలుగుచునేయుండును, ఏలయనగా ఆమెకు నిద్ర పట్టదు. ఆ వెలుగు చూచి దాటిపోవువారు ఎందరో ఉందురు. సహోదరీ సహోదరులారా, మీరు దాటిపోవద్దు. దూరము కొలిచి చూడుడి, మీరే దగ్గరనున్నారు. వెళ్లి తలుపు తట్టి, "అమ్మా, మేము నీ మాట నమ్ముచున్నాము, నీ ప్రక్కను కూర్చుండుటకు వచ్చితిమి" అని చెప్పుడి. ప్రభువు మీకు అట్టి ధైర్యమును, అట్టి మృదువైన నాలుకను అనుగ్రహించును గాక. ఆమేన్.